చివరి ప్రశ్న చరిత్రదే: చెన్నైలో మన కోటీశ్వరుల ఆట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాంబళం, కోడంబాక్కం, పెరంబూరు, విల్లివాక్కం... ఎక్కడెక్కడో ఉంటున్న తెలుగువాళ్ళం ఆదివారం సాయంత్రాలు ఒకచోట చేరి టీవీ కోటీశ్వరుల ఆటను మన పద్ధతిలో ఆడుకుంటున్నాం. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవి దాదాపు ఇవే. ఎక్కువమంది అడిగేది మాత్రం ఒక్కటే: పదిహేనో ప్రశ్న ఎప్పుడూ చరిత్ర మీదే ఎందుకు వస్తుంది? దానికి కాస్త వివరంగా జవాబు రాశాను. తొందరలో ఉన్నవాళ్ళు నేరుగా అక్కడికే వెళ్ళొచ్చు.

ఇది టీవీ షో వాళ్ళు నడిపేదేనా?

కాదు. ఏ చానల్‌తోనూ మాకు సంబంధం లేదు. ఆట నడక మాత్రం అచ్చం అదే: పదిహేను ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, మూడు లైఫ్‌లైన్లు (చిక్కుకున్నప్పుడు వాడుకునే సాయాలు). మా హాట్ సీట్, అంటే ఆడేవాళ్ళు కూర్చునేది, హాల్లో చేతులున్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ. కోటి రూపాయల స్థానంలో కిలో ఆవకాయ ఉంటుంది. నవ్వకండి, దాని కోసం కుటుంబాలు కుటుంబాలే తయారై వస్తున్నాయి. ప్రవేశ రుసుము లేదు.

ఈ ఆట మనదాకా ఎలా వచ్చింది?

1998 సెప్టెంబరులో బ్రిటన్‌లో మొదలైంది. 2000 జులైలో అమితాబ్ బచ్చన్ హిందీలోకి తెచ్చారు. అదే ఊపులో ఇక్కడ శరత్‌కుమార్ తమిళంలో నడిపారు. మన పాత మద్రాసువాళ్ళలో చాలామందికి మొదట పరిచయమైంది ఆ తమిళ ఆటే. తెలుగులోకి "మీలో ఎవరు కోటీశ్వరుడు"గా రావడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. మా టీవీలో నాగార్జున, తర్వాత 2017లో చిరంజీవి, 2021లో పేరు కాస్త అటూ ఇటూ మార్చుకుని జెమినీలో ఎన్టీఆర్.

గెలుచుకున్నది మధ్యలో పోతుందా?

పోతుంది, అసలు మజా అంతా అందులోనే ఉంది. తెలుగు షోలో మొదటి ప్రశ్న వెయ్యి, ఐదోది పదివేలు, పదోది 3,20,000, పద్నాలుగోది 50 లక్షలు, పదిహేనోది కోటి. ఐదు, పది దగ్గర మజిలీలు ఉంటాయి. మజిలీ దాటాక తప్పు చెబితే ఆ మజిలీ దగ్గరి మొత్తానికి వచ్చి పడతారు. అంటే కోటి ప్రశ్నకు తప్పు చెబితే చేతిలో ఉన్న 50 లక్షలు కాస్తా 3,20,000 అవుతాయి. ఒక్క మాటతో 46,80,000 పోయినట్టే.

అందుకే "తెలియకపోతే ఊహించి చెప్పెయ్" అని సోఫాలో కూర్చుని సలహా ఇచ్చేవాళ్ళ మాట నమ్మకండి. లెక్క వేసి చూడండి. నాలుగు ఆప్షన్లూ ఒక్కలాగే కనిపిస్తుంటే సగటున చేతికొచ్చేది 27 లక్షల చిల్లర. చేతిలో ఉన్న 50 లక్షలు వదిలి దానికి ఆశపడటం తెలివి కాదు. ఫిఫ్టీ ఫిఫ్టీ వాడి రెండే మిగిలాయనుకుందాం, అప్పుడు సగటు 51,60,000. పేపరు మీద లాభమే, కానీ బొమ్మా బొరుసా మీద ఇల్లు పెట్టినంత పని. మీ జవాబు మీద మీకు సుమారు 48 శాతానికి మించి నమ్మకం ఉంటేనే లెక్క ముందుకు వెళ్ళమంటుంది. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లలుంటే ఆ శాతాన్ని ఇంకా పెంచుకోండి.

పదిహేనో ప్రశ్న చరిత్రే ఎందుకు?

సైన్సు ప్రశ్నకు సాధారణంగా జవాబు తెలిసి ఉండాలి, లేదా తెలియకపోవాలి. సినిమా ప్రశ్న సంగతీ అంతే. చరిత్రలో మాత్రం జవాబు తెలియనివాడు కూడా తెలిసిన నాలుగు ముక్కలు పేర్చుకుని జవాబు దాకా నడిచి వెళ్ళగలడు. ఆ నడకను కళ్ళారా చూడటమే చివరి ప్రశ్నలో ఉన్న ఆనందం. మా దృష్టిలో మంచి చరిత్ర ప్రశ్నకు ఒకటే గుర్తు: తప్పు ఆప్షన్లు కూడా నిజమైనవే అయి ఉండాలి. ఇంకో ప్రశ్నకు అవే సరైన జవాబులు కావాలి.

బ్రిటన్‌లో 2000 నవంబరులో తొలి మిలియన్ పౌండ్లు గెలిచింది జూడిత్ కెప్పెల్. ఆవిడకు వచ్చిన చివరి ప్రశ్న: అక్విటేన్‌కు చెందిన ఎలియనార్‌ను పెళ్ళాడిన రాజు ఎవరు? ఆప్షన్లు మొదటి హెన్రీ, రెండో హెన్రీ, మొదటి రిచర్డ్, ఐదో హెన్రీ. జవాబు రెండో హెన్రీ. ఇందులో చమత్కారం చూడండి, రిచర్డ్ ఆమె కొడుకు! ఎలియనార్ పేరు చుట్టూ రిచర్డ్ పేరు వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి సగం తెలిసినవాళ్ళు అక్కడే బోల్తా పడతారు.

అదే షోలో 2020లో ఒక చరిత్ర మాస్టారికి పదిహేనో ప్రశ్నగా సముద్రపు దొంగలు ఎదురయ్యారు. 1718లో ఇప్పటి నార్త్ కరోలైనా తీరం దగ్గర పోరులో చనిపోయింది ఎవరు? కెప్టెన్ కిడ్‌ను 1701లో లండన్‌లో ఉరితీశారు. కాలికో జాక్‌ను 1720లో జమైకాలో ఉరితీశారు. బార్తలోమ్యూ రాబర్ట్స్ 1722లో ఆఫ్రికా తీరంలో చనిపోయాడు. మిగిలింది బ్లాక్‌బియర్డ్. మాస్టారు పెద్దగా తడబడకుండా చెప్పేసి మిలియన్ పౌండ్లు ఎత్తుకెళ్ళారు. మాస్టార్లకు న్యాయం జరిగిన అరుదైన సందర్భం.

తెలుగు షోలో కోటి తెచ్చిన ప్రశ్న ఏది?

2021 నవంబరులో కొత్తగూడెం వైపు నుంచి వచ్చిన ఒక ఎస్సై గెలిచారు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ 1956లో ఎవరి అధ్యక్షతన ఉన్న కమిషన్ నివేదిక ఆధారంగా జరిగిందనేది ప్రశ్న. ఆప్షన్లు రంగనాథ్ మిశ్రా, సర్కారియా, బి.పి. మండల్, ఫజల్ అలీ.

మేం చెప్పే గుర్తు ఇక్కడ చక్కగా కుదిరింది. నలుగురూ కమిషన్లకు పెద్దలే. కానీ సర్కారియా కమిషన్ కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద 1983లో వేసింది. మండల్ కమిషన్‌ను వెనుకబడిన వర్గాల కోసం 1979లో వేశారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ మైనారిటీల మీద, 2000 దాటాక వచ్చింది. ముగ్గురూ 1956కు చాలా తర్వాతివాళ్ళు. ఫజల్ అలీ పేరు జన్మలో వినకపోయినా, మిగతా మూడు పేర్లు ఏ కాలానివో తెలిస్తే చాలు, కోటి మీదే.

నన్నడిగితే ఆ ఆప్షన్లు కాస్త సులువు. ఇదే ప్రశ్న మద్రాసులో పెట్టాల్సి వస్తే ఎస్.కె. ధార్, వాంఛూ, ఫజల్ అలీ, పఠాస్కర్ అని పెడతాం. అప్పుడు ఎవరూ కాలంతో కొట్టెయ్యలేరు, ఎందుకంటే నలుగురూ రాష్ట్రాలు విడదీసిన ఆ పన్నెండేళ్ళ గొడవలోనివాళ్ళే. 1948లో ధార్ కమిషన్ భాషా రాష్ట్రాలు వద్దంది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు ఇదే ఊళ్ళో, మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో దీక్షకు కూర్చుని డిసెంబరు 15న ప్రాణం వదిలారు. నాలుగు రోజులకే నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. ఎలా విడదీయాలో చూడమని జస్టిస్ వాంఛూకి అప్పగిస్తే ఆయన 1953 మొదట్లో నివేదిక ఇచ్చారు. "మద్రాసు మనదే" అన్న నినాదం నినాదంగానే మిగిలి, అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర ఏర్పడింది.

ఫజల్ అలీ వచ్చింది ఆ తర్వాతే. 1953 డిసెంబరులో వేసిన ఆ కమిషన్‌లో కుంజ్రూ, పణిక్కర్ సభ్యులు. 1955 సెప్టెంబరులో నివేదిక ఇచ్చారు. తెలంగాణను వెంటనే కలపకుండా విడిగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతులతో ఒప్పుకుంటే కలపమన్నది అందులోని మాటే. ప్రభుత్వం అంత ఆగలేదు, 1956 నవంబరు 1నే ఆంధ్రప్రదేశ్ అయిపోయింది. ఇక పఠాస్కర్ సంగతి చెన్నైలో ఉన్నవాళ్ళు తెలుసుకుని తీరాలి. తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి ఇటు, మద్రాసు రాష్ట్రంలోకి, వచ్చింది ఆయన సరిహద్దు తీర్పు వల్లే, 1960 ఏప్రిల్ 1న. అరక్కోణం దాటి రైల్లో వెళ్ళేటప్పుడు మా పెద్దవాళ్ళు ఇప్పటికీ కిటికీలోంచి చూసి నిట్టూరుస్తారు.

చూశారుగా, ఒక్క ఆప్షన్ల వరుసలో మన చరిత్ర సగం పట్టింది. అందుకే పదిహేనోది చరిత్రకే కట్టబెట్టాం.

జవాబు తెలియకుండా నిజంగా చేరుకోగలమా? ఒక్కటి విడమరిచి చూపించండి.

2011లో బీహార్ మోతీహారికి చెందిన సుశీల్ కుమార్ హిందీ షోలో ఐదు కోట్లు గెలిచిన ప్రశ్న తీసుకుందాం. 1868లో నికోబార్ దీవుల హక్కులు బ్రిటిష్‌వాళ్ళకు అమ్మేసి, భారతదేశంతో సంబంధం తెంచుకున్న వలస దేశం ఏది? బెల్జియం, ఇటలీ, డెన్మార్క్, ఫ్రాన్స్.

ముందు ఫ్రాన్స్ తీసెయ్యాలి. వీకెండ్ వస్తే పుదుచ్చేరికి పరుగెత్తే ఊరు మనది. ఫ్రెంచివాళ్ళు అక్కడ 1954 దాకా ఉన్నారని తెలిశాక, 1868లో సంబంధం తెంచుకున్నారనడం కుదరదు. తర్వాత బెల్జియం. అది స్వతంత్ర దేశం అయ్యిందే 1830లో. అంత కొత్త దేశానికి ఇక్కడ పాత దీవులు ఎలా ఉంటాయి? ఇటలీ అయితే ఒక్కటిగా ఏర్పడింది 1861లో. అదీ అనుమానమే. మిగిలింది డెన్మార్క్. అసలు డెన్మార్క్‌కు మన తీరంలో పనేంటి అనుకుంటే, ఈసీఆర్ మీద దక్షిణంగా పుదుచ్చేరి, కడలూరు, చిదంబరం దాటి ఇంకొంచెం వెళ్తే తరంగంబాడి వస్తుంది. అలలు తాకేంత దగ్గర్లో డాన్స్‌బోర్గ్ కోట ఉంది. అది డేన్లు కట్టిందే. 1845లో ఆ ఊరినీ, బెంగాల్లోని సేరంపూర్‌నూ బ్రిటిష్‌వాళ్ళకు అమ్ముకున్నారు, మిగిలిన నికోబార్‌ను 1868లో వదిలించుకున్నారు.

పిల్లల్ని తరంగంబాడి తీసుకెళ్ళి ఐస్‌క్రీం తినిపించి వచ్చేవాళ్ళు కోట గోడ మీద బోర్డు కూడా చదివించండి. ఐదు కోట్ల మాట.

మీరు తయారుచేసిన పదిహేనో ప్రశ్న ఒకటి చెప్పండి.

పాతదైపోయింది కాబట్టి చెబుతున్నాను. తరంగంబాడిలో డేన్లకు చోటిచ్చిన తంజావూరు నాయకరాజు ఎవరు? సేవప్ప, అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ.

తంజావూరు నాయకరాజులు ఈ నలుగురే, వరుసా ఇదే. తండ్రి తర్వాత కొడుకు. బయటివాళ్ళ పేర్లతో నింపాల్సిన అవసరమే రాలేదు. ఒప్పందం 1620లో జరిగిందని తెలిస్తే మొదటి ఇద్దరూ పోతారు, వాళ్ళు పదహారో శతాబ్దం మనుషులు. విజయరాఘవ 1673లో యుద్ధంలో చనిపోయాడు కాబట్టి 1620 నాటికి గద్దె మీద ఉండటం కష్టం. మిగిలిన రఘునాథుడే జవాబు. చేమకూర వేంకటకవిని పోషించింది ఈయనే, తానూ తెలుగులో కావ్యాలు రాశాడు. ఆయన డెన్మార్క్ రాజుకు బంగారు రేకు మీద పంపిన లేఖ ఇప్పటికీ కోపెన్‌హాగెన్‌లో భద్రంగా ఉంది. మన పిల్లలకు తెలుగు ప్రబంధాలూ, డేన్ల కోటా ఒకే మనిషి దగ్గర కలుస్తాయని తెలిసింది ఆ రోజే. అన్నట్టు, ఆవకాయ ఎవరికీ దక్కలేదు.

తేదీలన్నీ బట్టీ పట్టాలా?

అక్కర్లేదు. వరుస తెలిస్తే చాలు. కొన్ని గుంజలు పాతుకోండి: 1639 చెన్నపట్నం, 1757 ప్లాసీ, 1799 టిప్పు మరణం, 1857, 1885 కాంగ్రెస్, 1911 రాజధాని ఢిల్లీకి, 1947, 1956. ఏ సంగతి విన్నా ఏ రెండు గుంజల మధ్య పడుతుందో చూసుకోవడం అలవాటైతే సగం ఆప్షన్లు వాటంతటవే రాలిపోతాయి.

హాట్ సీట్ ఎవరిదో తేల్చడానికి ముందు పెట్టే ఫాస్టెస్ట్ ఫింగర్‌కూ (నాలుగింటిని వరుసలో పెట్టే ప్రశ్న) ఇదే పనికొస్తుంది. మావాళ్ళు తరచూ తప్పేది ఒకటుంది. తరంగంబాడి ముందా, చెన్నపట్నం ముందా అంటే అందరూ చెన్నపట్నమే అంటారు. ఇంగ్లీషువాళ్ళకు ఇక్కడ స్థలం దొరకడానికి 19 ఏళ్ళ ముందే డేన్లు అక్కడ ఉన్నారు. మచిలీపట్నం ఈ రెండింటికంటే ముందు, ఇంగ్లీషువాళ్ళు 1611లోనే అక్కడ దుకాణం తెరిచారు.

చివరికి ఏ లైఫ్‌లైన్ మిగుల్చుకోవాలి?

ఫిఫ్టీ ఫిఫ్టీ. ఆడియన్స్ పోల్ కింది మెట్లలోనే వాడెయ్యండి. పెళ్ళిపాటలూ పండగలూ అడిగినప్పుడు జనం మాట బంగారం. పదిహేనో ప్రశ్నకు హాలంతా కలిసినా తెలియదు, తెలియనివాళ్ళందరూ ఎక్కడో విన్న ఒకే పేరుకు ఓటేస్తారు, మీరు దాన్ని నమ్ముతారు.

ఫోన్ చేస్తే క్షేమసమాచారాలు వద్దు. ముప్పై సెకన్లలో "అన్నయ్యా, బాగున్నావా, వదిన ఎలా ఉంది" అయ్యేసరికి పది పోతాయి. ముందు ఆప్షన్లు చదవండి, తర్వాత ప్రశ్న. అమెరికాలో 1999లో తొలి మిలియన్ గెలిచినాయన చివరి ప్రశ్నకు తండ్రికి ఫోన్ చేసి, సాయం అక్కర్లేదు, గెలవబోతున్నానని చెప్పడానికే చేశానన్నాడు. ఆ ప్రశ్నా అధ్యక్షుల మీదే, జవాబు నిక్సన్. అంత ధీమా మనకెందుకులెండి.

జవాబు మీద గొడవ వస్తే?

వస్తుంది, రావాలి కూడా. చరిత్ర ప్రశ్నకు రెండు జవాబులు నిలబడితే తప్పు ప్రశ్నది, ఆడినవాళ్ళది కాదు. అందుకని ప్రశ్నలు రాసేవాళ్ళకు కొన్ని హద్దులు పెట్టుకున్నాం.

"మొదటి భాషాప్రయుక్త రాష్ట్రం ఏది" అని మొట్టికాయ వేసినట్టు అడగకూడదు. ఒడిశా 1936లోనే భాష ఆధారంగా విడి రాష్ట్రమైంది. "స్వతంత్ర భారతంలో" అన్న రెండు మాటలు చేర్చితేనే ఆంధ్ర జవాబవుతుంది. చెన్నపట్నం దానం 1639లో అన్నంతవరకూ సరే, తారీఖు అడిగితే జులై 22 అనేవాళ్ళూ, ఆగస్టు 22 అనేవాళ్ళూ ఉన్నారు. ఊరు ఆగస్టులో పుట్టినరోజు చేసుకుంటుంది కదా అని అదే ఖాయం అనడం కుదరదు. శ్రీరాములు గారి దీక్ష 58 రోజులా, 56 రోజులా అన్నది రెండు రకాలుగా అచ్చులో కనిపిస్తుంది. మొదలైన తారీఖు, ముగిసిన తారీఖు అడిగితే పేచీ లేదు. "గొప్ప", "ప్రసిద్ధ", "అతి ముఖ్యమైన" లాంటి మాటలున్న ప్రశ్నను చదవకుండానే పక్కన పెట్టేస్తాం.

మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆడొచ్చా?

నిక్షేపంగా. చెన్నైలో పెరిగిన పిల్లలు చాలామంది అంతే. ప్రశ్న, ఆప్షన్లు రెండుసార్లు పైకి చదువుతాం. జవాబుగా ఎ, బి, సి, డి అంటే సరిపోతుంది. ఆలోచించేటప్పుడు తమిళంలో గొణుక్కున్నా ఎవరూ ఏమీ అనరు. 2020 జనవరిలో రాధిక నడిపిన తమిళ షోలో వినికిడి, మాట లేని ఒక మహిళ కోటి గెలిచారు. భాష అడ్డమని ఇక అనకండి.

టీవీ షోకి వెళ్ళాలనుంది. ఎవరో వాట్సాప్‌లో 25 లక్షలు గెలిచానని పంపారు, నిజమేనా?

పచ్చి మోసం. అమితాబ్ ఫోటో, బ్యాంకు ముద్ర, హిందీలో ఒక వాయిస్ మెసేజ్ ఉంటాయి. డబ్బు విడుదలకు ముందు పన్ను కట్టమంటారు. ఆడకుండా ఎవరూ గెలవరు, గెలిచినవాళ్ళ దగ్గర ఎవరూ ముందు డబ్బు అడగరు. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. నిజమైన షోకి రిజిస్ట్రేషన్ ఎప్పుడో, ఎలాగో ఆ చానల్‌లోనే ప్రకటిస్తారు.

కోటి గెలిస్తే చేతికి ఎంత వస్తుంది?

ఇలాంటి గెలుపు మీద పన్ను నేరుగా 30 శాతం. స్లాబులు, మినహాయింపులు వర్తించవు. ఆ 30 లక్షలు కోసుకునే ఇస్తారు. పైన సర్‌చార్జి, సెస్సు కలిపితే మొత్తం 34 లక్షలు దాటుతుంది, ఆ తేడా రిటర్నులో మీరే కట్టుకోవాలి. జీతం కూడా ఉంటే ఇంకాస్త. చెక్కు చూడగానే కారు బుక్ చెయ్యకండి. ఆవకాయకు పన్ను లేదు.

హిందీ షో పెద్ద ప్రశ్నల్లో మనవాళ్ళ ఊసు ఎప్పుడైనా వచ్చిందా?

2022లో ఏడున్నర కోట్ల ప్రశ్నకు జవాబే "ఆంధ్ర". గుండప్ప విశ్వనాథ్ తన తొలి రంజీ ఆటలో డబుల్ సెంచరీ కొట్టింది ఏ జట్టు మీద అని అడిగారు. 1967లో విజయవాడలో మన బౌలర్లను చితకబాది 230 చేశాడాయన. హాట్ సీట్‌లో ఉన్నావిడ కోటితో సరిపెట్టుకుని ఆగిపోయారు. మన ఓటమికి అంత ఖరీదు కట్టారని మాలో కొందరు ఇప్పటికీ మురిసిపోతుంటారు.

వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని రండి. మీరు రాసిన ప్రశ్న ఒకటి తెండి, నాలుగు ఆప్షన్లతో, ప్రతి తప్పు ఆప్షన్ పక్కన అది దేనికి సరైన జవాబో రాసి. అది రాయకపోతే ప్రశ్న తీసుకోం. కాఫీ మాది.